తలలో, మెడ వెనుక సోరియాసిస్‌కి పూతమందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమ. ఇరవై రెండేళ్లుగా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడుతున్నాను. అందులో పదహారేళ్లుగా నా తలలోనూ సోరియాసిస్ ఉంది, అంటే చర్మం మీద దళసరి పెచ్చులు కట్టే జబ్బు. కాబట్టి కౌంటర్‌కి అవతలివైపు నిలబడి ఈ ప్రశ్నలు అడిగేవాళ్ల అవస్థ కూడా నాకు తెలుసు. నేను డాక్టర్ని కాదు. మీకున్నది సోరియాసిసో కాదో తేల్చాల్సింది, మందు రాయాల్సింది స్కిన్ డాక్టరే. ఆ మందు ఇంటికి తెచ్చుకున్నాక ఏం చేయాలన్నదే ఇక్కడ ఎక్కువగా చెప్పాను. ఓపీ రద్దీలో డాక్టరుకి అది విడమరిచి చెప్పే తీరిక ఉండదు. షాపులో మేమూ చెప్పం, చీటీ చూసి కవర్లో వేసి ఇచ్చేస్తాం.

ఇది ముదిరిన చుండ్రే కదండీ?

చాలామంది మొదటి రెండేళ్లూ అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. చుండ్రు పొట్టు పల్చగా, కాస్త జిడ్డుగా ఉండి తల అంతా చెదిరి ఉంటుంది. ఫంగస్‌ని చంపే మంచి యాంటీఫంగల్ షాంపూ వాడితే రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. సోరియాసిస్ పెచ్చు దళసరిగా, పొడిగా, వెండి రేకులా తెల్లగా ఉంటుంది. పెచ్చు కింద చర్మం ఎర్రగా ఉంటుంది, చామనచాయ ఒంటి మీదైతే ముదురు వంకాయ రంగుకి తిరుగుతుంది. మచ్చకి అంచు గీత గీసినట్టు తెలుస్తుంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు దాటి కొంచెం ముందుకి వస్తుంది. చెవుల వెనక, మెడ వెనక జుట్టు ఆగే చోట కూడా అంతే.

తలొక్కటే చూసుకుని ఆగకండి. మోచేతులు, మోకాళ్లు, నడుము కింద భాగం చూసుకోండి. గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలుంటే డాక్టరుకి తప్పక చూపించండి. కొందరికి చుండ్రూ సోరియాసిసూ కలగలిసి కూడా ఉంటాయి, అప్పుడు డాక్టర్లకే వెంటనే తేలదు.

పిల్లల సంగతి వేరు. బడికెళ్లే పిల్లాడి తలలో ఒకచోట జుట్టు తెగి, పొట్టు రాలుతుంటే అది తలలో వచ్చే తామర కావచ్చు. దానికి నోటి మాత్రలు కావాలి. స్టెరాయిడ్ రాస్తే పైకి తగ్గినట్టుండి లోపల పాకుతుంది.

మెడ వెనకాల మాత్రమే నల్లగా, మందంగా అయింది. అదీ ఇదేనా?

ఆ చోటికి నాలుగైదు రకాల జబ్బులు వస్తాయి. మెడ మడతల్లో చర్మం మఖమల్ గుడ్డలా నల్లబడి దురద లేకపోతే, అది చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదన్న గుర్తు. మా షాపుకి వచ్చే ఆడపిల్లల తల్లులు దాన్ని మురికనుకుని నిమ్మచెక్క, సున్నిపిండి పెట్టి తోమేస్తుంటారు. తోమడం మాని షుగర్ పరీక్ష చేయించాలి.

ముడి వేసుకునే చోట విపరీతమైన దురదతో, గోకి గోకి తోలులా గట్టిపడి, గీతలు లోతుగా కనిపిస్తుంటే అది గోకుడు వల్ల ముదిరే ఎగ్జిమా. గోకితే దళసరి అవుతుంది, దళసరి అయ్యేకొద్దీ ఇంకా నవ పుడుతుంది. మగవాళ్లకి మెడ మీద గట్టి గుల్లలు వరసగా లేస్తే, దగ్గరగా రేజర్ పెట్టించుకోవడం వల్ల ముదిరే జబ్బు అయి ఉండొచ్చు. జుట్టుకి రంగు వేసిన రెండు మూడు రోజుల్లో చెవులు, మెడ మండి, నీరు కారితే ముందుగా రంగుని అనుమానించండి. వీటన్నిటికీ ఒకే ట్యూబు పనికిరాదు.

అంటుకుంటుందా?

అంటుకోదు. దువ్వెన, తువ్వాలు, దిండు, మంచం, దేనివల్లా అంటుకోదు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ, అంతే.

అంటుకోనిది మరి ఎలా వచ్చింది?

ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున మన చర్మం మీదే విరుచుకుపడుతుంది. మామూలుగా చర్మంలో కొత్త కణం అడుగున పుట్టి పైకొచ్చి రాలిపోవడానికి ఇంచుమించు 28 రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో ఆ పని 4, 5 రోజుల్లో అయిపోతుంది. పాతవి రాలేలోగా కొత్తవి వచ్చి మీద పడతాయి. అలా పేరుకున్నదే మనం చూసే పెచ్చు. రక్తం చెడిపోవడం, వేడి చేయడం అనేవి దీనికి కారణాలు కావు. పూర్తిగా పోయి మళ్లీ రాదని ఎవరైనా హామీ ఇస్తే ఆ మనిషికి డబ్బు కట్టకండి. అదుపులో పెట్టుకోవడం మాత్రం సాధ్యమే. నాకు ఏడాదిలో ఎనిమిది నెలలు తల శుభ్రంగానే ఉంటుంది.

డాక్టర్ రాసిన లోషన్ నెల రోజులు రాశాను, గింజంత కూడా తగ్గలేదు. మందు మార్చమంటారా?

మందు మార్చేముందు, అది మీ చర్మాన్ని తాకిందో లేదో చూడండి. నా దగ్గరికి "పనిచేయలేదు" అని వచ్చేవాళ్లని ఎలా రాశారని అడుగుతాను. సగం మంది అరచేతిలో పోసుకుని, నూనె పట్టించినట్టు తలకి రుద్దామంటారు. ఆ మందు జుట్టుకి పట్టింది. మిగిలిన సగం మంది చర్మం మీదే రాశారు, కానీ పెచ్చు మీద రాశారు. చచ్చిన పొర మీద ఎంత ఖరీదైన మందు పోసినా, పాకుడు పట్టిన రేవు మెట్ల మీద నీళ్లు చల్లినట్టే జారిపోతుంది.

ముందు పెచ్చు తీయాలి. రాత్రి నూనె గానీ, డాక్టర్ రాస్తే 3 నుంచి 6 శాతం శాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఆయింట్‌మెంట్ గానీ పెచ్చు మీద రాసి నానబెట్టాలి. పొద్దున్నే షాంపూతో కడిగి, మెత్తబడి ఊడేదాన్ని మాత్రమే వేలి కొసలతో తీయాలి. గోరు పెట్టి గీకకూడదు, పేల దువ్వెనతో లాగకూడదు. సోరియాసిస్‌కి ఒక పాడు గుణం ఉంది: గాయమైన చోట కొత్త మచ్చ లేవొచ్చు. పెచ్చు పల్చబడటానికి నాలుగైదు రోజుల నుంచి వారం దాకా పట్టొచ్చు. అసలు మందు పని అప్పుడే మొదలవుతుంది.

ఇక రాయడం. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ట్యూబ్‌లైట్ కింద పీట వేసి కూర్చుంటాను. మా ఆవిడ తోక దువ్వెనతో పాపిడి తీసి, ఆ గీతలో లోషన్ సీసా మూతిని ఆనించి రెండు చుక్కలు వదులుతుంది. వేలి కొసతో అద్ది, పక్కకి అర అంగుళం జరిపి ఇంకో పాపిడి తీస్తుంది. "ఇక్కడ కొత్తది మొదలైందండీ" అని చెప్పేదీ తనే, నాకు కనపడదు కదా. మొత్తం పది నిమిషాల పని. ఒంటరిగా ఉండేవాళ్లు చెవుల వెనక, మెడ వెనక వేలితో తడిమి గరుకు తగిలిన చోట రాసుకోవచ్చు. నడినెత్తికి మాత్రం ఎవరో ఒకరి సాయం ఉంటే మేలు.

క్రీము ఎంత వాడాలో కొలత ఉంది. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. అది రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది. మెడ వెనక మచ్చకి అంతకన్నా అక్కర్లేదు.

క్రీమా, లోషనా, ఆయింట్‌మెంటా?

జుట్టున్న చోట లోషన్, జెల్, ఫోమ్ లాంటివే నయం. మెడ మీద, చెవి వెనక క్రీము. ఆయింట్‌మెంట్ బాగా పనిచేస్తుంది గానీ మే నెలలో కోనసీమ ఉక్కపోతకి మెడకి పూసుకుని ఎవరు భరిస్తారు? దాన్ని పెచ్చు నానబెట్టే రాత్రులకి ఉంచుకోండి. చాలా లోషన్లలో ఆల్కహాల్ ఉంటుంది. పగుళ్ల మీద పడితే భగ్గుమని మండుతుంది, నిప్పు దగ్గర నిజంగానే అంటుకుంటుంది. తల ఆరేదాకా పొయ్యి దగ్గరికి, దీపం దగ్గరికి వెళ్లకండి.

కొబ్బరినూనె రాయొచ్చా? మా పెరట్లో కాయలవేనండీ.

రాయొచ్చు. అయితే అది పెచ్చుని మెత్తబరుస్తుందే తప్ప జబ్బుని తగ్గించదు. రాత్రి రాసి పొద్దున కడిగేయండి. రోజంతా తలకి పట్టించి ఉంచకండి, ముఖ్యంగా చుండ్రు కూడా కలిసి ఉంటే. చుండ్రుకి కారణమయ్యే ఈస్టు అనే ఫంగస్‌కి జిడ్డే తిండి. నూనెలో కర్పూరం, వెల్లుల్లి, మిరియాలు కాచి పోసుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, ఎర్రబడ్డ చర్మానికి అది ఇంకా మంట పెడుతుంది.

స్టెరాయిడ్ అంటున్నారు, భయంగా ఉంది.

భయపడాల్సింది స్టెరాయిడ్ గురించి కాదు, లెక్క లేకుండా వాడటం గురించి. తల సోరియాసిస్‌కి డాక్టర్లు ముందు రాసేవి ఇవే: క్లోబెటసాల్ 0.05 శాతం, బీటామెథాసోన్, మోమెటాసోన్. క్లోబెటసాల్ వీటన్నిటిలో చాలా ఘాటైనది. నెత్తి చర్మం దళసరి కాబట్టి దాన్ని తట్టుకుంటుంది. మెడ, చెవి వెనక, నుదురు అంత తట్టుకోలేవు. అదే మందు మొహానికి రాసేస్తే చర్మం పల్చబడి రక్తనాళాలు ఎర్రటి దారాల్లా పైకి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి. కంటి చుట్టూ చాలాకాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లాలు రావొచ్చు. అందుకే ఒకే చీటీలో నెత్తికి ఒకటి, మెడకి ఒకటి రాస్తే డాక్టర్ ఖర్చు పెంచుతున్నాడని అనుకోకండి.

మామూలుగా రోజుకి ఒకసారో రెండుసార్లో, రెండు నుంచి నాలుగు వారాలు రాయమంటారు. క్లోబెటసాల్ వారానికి 50 గ్రాములు దాటకూడదు. తలకి అంత ఎలాగూ పట్టదు. మచ్చ చదునైపోయాక ఠక్కున ఆపేస్తే కొందరికి తిరగబడుతుంది. రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, అలా దించుకుంటూ రావాలి. నాకు మా డాక్టరు పెట్టిన లెక్క శని, ఆదివారాలు. మిగతా ఐదు రోజులూ స్టెరాయిడ్ కాని మందు.

క్లోబెటసాల్ షాంపూ కూడా దొరుకుతుంది. దాన్ని పొడి తలకి రాసి, 15 నిమిషాలుంచి, తర్వాత నీళ్లు పోసి కడిగేయాలి. తల తడిపి మామూలు షాంపూలా రుద్ది వెంటనే కడిగేసేవాళ్లకి అది దండగ.

షాపులో దురదకీ, తామరకీ, అన్నిటికీ ఒకే ట్యూబు ఇస్తున్నారు కదా?

ఇస్తున్నారు, ఒకప్పుడు నేనూ ఇచ్చాను. ఒక స్టెరాయిడ్, ఒక యాంటీఫంగల్, ఒక యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు అది. రాసిన రెండో రోజుకే దురద పోతుంది కాబట్టి జనానికి దేవుడిలా కనిపిస్తుంది. తామర మీద రాస్తే రూపు మారి, మందులకి లొంగకుండా పాకుతుంది. సోరియాసిస్ మీద రాస్తే అక్కర్లేని రెండు మందులతో పాటు లెక్క తెలియని స్టెరాయిడ్ పడుతుంది. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. మీరు అడిగినా ఇవ్వని షాపతను మీకు మేలే చేస్తున్నాడు.

స్టెరాయిడ్ కాని మందులేమున్నాయి?

కాల్సిపోట్రియాల్ ఉంది. ఇది విటమిన్ డి లాంటి మందు. నెమ్మదిగా పనిచేస్తుంది, ఫలితం తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. బీటామెథాసోన్‌తో కలిపిన జెల్ విడివిడి మందులకన్నా బాగా పనిచేస్తుంది, ధరా అలాగే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: శాలిసిలిక్ యాసిడ్ తగిలితే కాల్సిపోట్రియాల్ చెడిపోయి పనిచేయదు. రెండూ ఒకేసారి రాయకండి. రాత్రి శాలిసిలిక్, పొద్దున తలస్నానం, ఆ తర్వాతే కాల్సిపోట్రియాల్. రాసిన చేతులు కడుక్కోవాలి, మొహానికి తగిలితే మంట.

మెడ, చెవి వెనక, నుదుటి అంచు లాంటి పల్చటి చోట్లకి టాక్రోలిమస్ రాస్తారు. మొదటి వారం చురుక్కుమంటుంది, తర్వాత అలవాటవుతుంది. చర్మాన్ని పల్చబరచదు.

కోల్‌తార్ పాతకాలపు మందు, ఇప్పటికీ చవకలో పనికొస్తుంది. కొత్తగా వేసిన తారు రోడ్డు వాసన. దిండు గలీబులు పాడవుతాయి, తెల్ల జుట్టుంటే పసుపు తిరుగుతుంది. పాత గలీబు ఒకటి దీనికే కేటాయించండి.

ఏ షాంపూ, ఎన్నిసార్లు?

కోల్‌తార్ షాంపూ అయితే ఐదు నుంచి పది నిమిషాలు, కీటోకోనజోల్ అనే యాంటీఫంగల్ షాంపూ అయితే మూడు నుంచి ఐదు నిమిషాలు తల మీద ఉంచాలి. వారానికి రెండు మూడుసార్లు చాలు. సముద్రం వైపు ఊళ్లలో, చెరువులు ఎక్కువున్న చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉండి నురగ రాదు. నురగ కోసం ఇంకా ఇంకా పోసుకుంటే తల పొడిబారిపోతుంది. చివరి రెండు చెంబులైనా కుళాయి నీళ్లో, ఫిల్టర్ నీళ్లో పోసుకోండి. బాగా కాగిన నీళ్లు వద్దు.

ఒక్క ఇంజెక్షన్‌తో పోతుందట?

పోతుంది, పదిరోజులకి. మా అక్క కూతురి పెళ్లి దగ్గర పడిందని నేనూ పక్క ఊళ్లో ఒకాయన దగ్గర చేయించుకున్నాను. పెళ్లిలో నల్ల చొక్కా వేసుకుని తిరిగాను, భుజం మీద ఒక్క పొట్టు లేదు. పదహారు రోజుల పండగ నాటికి నెత్తి నుంచి వీపు దాకా దిగింది. నోటి ద్వారానో ఇంజెక్షన్‌గానో స్టెరాయిడ్ తీసుకుని ఆపితే సోరియాసిస్ ఇలా తిరగబడుతుంది. ఒక్కోసారి ఒళ్లంతా ఎర్రబారి, చీము పొక్కులొచ్చి ఆసుపత్రిలో పడాల్సి వస్తుంది.

వాడపల్లి వెంకన్నకి గుండు మొక్కుకున్నాం. చేయించుకోవచ్చా?

చేయించుకోండి. మందు రాయడానికి గుండంత హాయి ఇంకోటి లేదు. కత్తి గాటు మాత్రం పడకూడదు, గాటు పడ్డ చోటే కొత్త మచ్చ లేవొచ్చు. వాడపల్లైనా ద్వారకా తిరుమలైనా కొత్త బ్లేడు కళ్ల ముందే వేయించుకుని, పెచ్చులున్న చోట నెమ్మదిగా లాగమని ముందే చెప్పండి. బాగా రేగి ఉన్నప్పుడు వద్దు, స్వామి ఒక నెల ఆగుతాడు.

పథ్యం ఏమిటి? రొయ్యలు, చేపలు, వంకాయ మానాలా?

మానక్కర్లేదు. ఫలానాది తిన్న ప్రతిసారీ రేగుతోందని మీకు మీరు గమనిస్తే మానండి. నిజంగా తగ్గించాల్సినవి తాగుడు, సిగరెట్, పొట్ట. ఈ మూడింటి గురించి చెబితే ఎవరూ వినరు, వంకాయ మానమంటే వెంటనే మానేస్తారు.

బీపీ మాత్రలకీ దీనికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. అటెనొలాల్, ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, మానసిక జబ్బుకిచ్చే లిథియం, మలేరియాకిచ్చే క్లోరోక్విన్ కొందరికి సోరియాసిస్‌ని రేపుతాయి. మీరే ఆపేయకండి, బీటా బ్లాకర్ ఉన్నట్టుండి మానితే గుండెకి ప్రమాదం. వాడుతున్న మాత్రలన్నీ కవర్లో వేసుకుని స్కిన్ డాక్టరుకి చూపించండి. గొంతునొప్పి వచ్చాక ఒళ్లంతా చిన్న చిన్న మచ్చలు లేస్తే అదీ చెప్పండి. టెన్షన్ కూడా రేపుతుంది. మా షాపులో ఈ చీటీలు పరీక్షల నెలల్లోనూ, రొయ్య రేటు పడిపోయినప్పుడూ పెరుగుతాయి.

జుట్టు ఊడిపోతోంది. బట్టతల వస్తుందా?

పెచ్చుతో పాటు ఊడిన జుట్టు, మంట తగ్గాక చాలామందికి తిరిగి వస్తుంది. గోకడమే ఎక్కువ ఊడగొడుతుంది.

గర్భిణులు, పిల్లలకి పాలిచ్చే తల్లులు?

పాత ట్యూబు తీసి రాసుకోకండి. గర్భం సంగతి డాక్టరుకి చెప్పి, ఏది ఎంత వాడాలో కొత్తగా రాయించుకోండి. చిన్నపిల్లలకీ అంతే. వాళ్ల ఒంట్లోకి పూతమందు ఎక్కువ ఇంకుతుంది.

పూతమందులతో తగ్గకపోతే?

సరిగ్గా రాసినా ఎనిమిది వారాల్లో మార్పు లేకపోతే, ఒంటి మీద ఎక్కువ మేర పాకితే, స్టెరాయిడ్ కాని మాత్రలో ఇంజెక్షన్లో అవసరం పడొచ్చు. తగ్గినా తగ్గకపోయినా ఒకటి గమనించాలి: పొద్దున్నే లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, వేలు మొత్తం వాచడం, మడమ నొప్పి. సోరియాసిస్ ఉన్న కొందరికి కీళ్ల జబ్బు కూడా వస్తుంది, ఆలస్యం చేస్తే కీలు పాడవుతుంది. జ్వరంతో ఒళ్లంతా ఎర్రబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) చర్మవ్యాధుల విభాగం ఉంది, ప్రైవేటుకి డబ్బుల్లేవని ఆగిపోకండి.

మెథోట్రెక్సేట్ మాత్ర రాస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. అది వారానికి ఒక్కసారే, డాక్టరు చెప్పిన రోజునే. రోజూ మింగితే ప్రాణానికే ప్రమాదం. నేను ఆ స్ట్రిప్ మీద వారం పేరు పెద్దక్షరాలతో రాసి, వాళ్ల చేత రెండుసార్లు చెప్పించుకుని గానీ ఇవ్వను.

కటింగ్ షాపులో ఏం చెప్పాలి?

సొంత దువ్వెన పట్టుకెళ్లండి. అంటుకుంటుందని కాదు, నలుగురి తలల్లో తిరిగిన దువ్వెన పళ్లు విరిగి గీరుకుంటుంది కనక. మెడ వెనక రేజర్ వద్దు, మెషీన్ చాలని చెప్పండి. చివర్లో పటిక రాయడం, మెడ విరవడం, నెత్తి మీద చరచడం వద్దనండి. మా షాపు పక్కన కటింగ్ చేసే కుర్రాడు ఇప్పుడు నన్ను చూడగానే కత్తి పక్కన పెట్టి మెషీన్ తీస్తాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లెవరైనా నా మెడ చూసి పక్కకి జరిగితే "అంటుకోదండీ, నాలుగేళ్ల నించి నేనే చేస్తున్నా" అని వాడే చెప్పేస్తాడు.